పొగకు కషాయము మందు కాదు

దగ్గుకు మందు అడుగనివారు ఈ పత్రిక పాఠకులలో అరుదు. అడ్డసరపాకు రసము తేనెతో ఎంత తీసుకొనవలెను, పిప్పలి చూర్ణము పిల్లలకు ఈయవచ్చునా, అతిమధురపు వేరు ఎన్ని దినములు చప్పరించవచ్చును అని అడుగువారు కోకొల్లలు. వారికి సమాధానము చెప్పుట నా వృత్తి, చెప్పుచునే ఉన్నాను. కాని గత కొన్ని సంవత్సరములుగా ఎల్లంతకుంటలోను, చుట్టుపట్ల పల్లెలలోను దగ్గుతో వచ్చువారిని చూచునప్పుడు, నాడి పట్టుకొనుటకు ముందే ఒక ప్రశ్న అడుగుట నాకు అలవాటైనది: "మీ ఇల్లు రోడ్డుకు ఎంత దూరము?"

జవాబులలో ఒక పోలిక కనబడును. రోడ్డు అంచున కిరాణా కొట్టు నడుపువారు, బస్సు ఆగు చోట మిర్చిబజ్జీలు వేయువారు, పంక్చరు దుకాణము పెట్టుకొన్న యువకులు, ఉదయమే బడి బస్సు ఎక్కు పిల్లలు. పొడి దగ్గు, గొంతులో గరగర, కండ్లలో మంట, సాయంకాలమునకు తలనొప్పి. వాసాకషాయముతో పది దినములలో నెమ్మదించును. మరి ఇరువది దినములకు అదే మనిషి అదే దగ్గుతో వచ్చును. మందు పని చేయలేదని వారు అనుకొందురు. మందు పని చేసినది. రోగకారణము కూడ తన పని తాను చేసినది.

ఆయుర్వేదములో నిదాన పరివర్జనము అను మాట కలదు. రోగమును పుట్టించు కారణమును విడిచిపెట్టుట అని దాని అర్థము. గురుకులములో గురువుగారి యెదుట కూర్చుండి మేము మొదట నేర్చిన పాఠములలో ఇది యొకటి. పులుపు పడనివాడు పులుపు మానును. పగటినిద్ర పడనివాడు పగటినిద్ర మానును. అవి రోగి చేతిలోని పనులు. గాలి పడనివాడు గాలిని ఎట్లు మానును? ఇక్కడ పథ్యము చేయవలసినది రోగి కాదు, ఊరు. తన రోడ్డు మీద తిరుగు బండ్ల చేత ఊరు పథ్యము చేయించవలెను. నేను చెప్పదలచినది ఇదియే.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన అని ఎవరును అనుకొనరాదు. చరకసంహిత విమానస్థానములో మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయము అని పేరు. గంగాతీరమున కాంపిల్య ప్రాంతములో సంచరించుచు పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునకు చెప్పిన విషయము అది. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు వేరు, వయస్సులు వేరు. అట్లుండగా ఒక దేశములోని జనమంతయు ఒకే కాలమున ఒకే రోగముతో ఎట్లు నశింతురు అని శిష్యుని సందేహము. ఎన్ని వేరైనను అందరికిని సమానమైనవి నాలుగు ఉన్నవి. గాలి, నీరు, నేల, కాలము. అవి చెడినప్పుడు అందరును చెడుదురు అని గురువు సమాధానము. చెడిన గాలి లక్షణములు చెప్పునప్పుడు పొగను, ధూళిని, ఇసుకను, ఒంటికి సరిపడని వాసనలను ఆయన పేర్కొన్నాడు. ఇసుక లారీ వెనుక సైకిలు మీద పోవుచున్న బడిపిల్లవానికి ఈ జాబితా వివరించి చెప్పనక్కరలేదు.

ఆ అధ్యాయములోనే మరియొక విషయము కలదు. మా గురువుగారు దానిని రెండుసార్లు చెప్పించి వినెడివారు. ఈ నాలుగును చెడుటకు మూలమేమి అని అగ్నివేశుడు అడుగగా, దేశమునకును, నగరమునకును, వర్తక శ్రేణులకును పెద్దలైనవారు ధర్మము తప్పి ప్రజలను నడపుట మూలమని ఆత్రేయుడు చెప్పినాడు. రోగి అజాగ్రత్తను ఆయన మొదట ఎత్తలేదు. పెద్దల బాధ్యతను ఎత్తినాడు. వర్తక శ్రేణులు అనగా నేటి భాషలో బండ్లు నడుపు యజమాన్యములు కూడ అని నేను అర్థము చెప్పుకొందును.

సుశ్రుతుడు సూత్రస్థానములో అగ్నికర్మను గూర్చి చెప్పు అధ్యాయమున పొగ సోకినవాని లక్షణములు వేరుగా వర్ణించినాడు. అట్టివానికి ఆయాసము, తుమ్ములు, దగ్గు, కండ్లలో మంట, ఎరుపు కలుగును. పొగ తప్ప మరియొక వాసన తెలియదు. శ్వాసరోగమునకు కారణములు చెప్పునప్పుడు చరకుడును ధూళిని, పొగను ముందు వరుసలోనే నిలిపినాడు. ఆ ఋషులు చూచినది కట్టెల పొగ, కారుచిచ్చు పొగ. వారు డీజిలును ఎరుగరు. ఎరిగియుండిన యెడల ఏమి వ్రాసెడివారో ఊహించుటకు మనకు పెద్ద శ్రమ లేదు.

"మీ శాస్త్రములోనే ధూమపానము ఉన్నది గదా" అని ఒక విద్యావంతుడు నన్ను ఎగతాళి చేసినాడు. ఉన్నది. ఇన్ని ద్రవ్యములు, ఇంత పొడవు గొట్టము, దినములో ఇన్నిసార్లు, ఈ రోగికి మాత్రమే, ఈ రోగికి కూడదు అని నియమములతో ఉన్నది. విషమును కూడ శుద్ధి చేసి గురిగింజ ఎత్తున వాడు శాస్త్రము మనది. అందువలన ఊరి మీద విషము చల్లవచ్చునని అర్థము కాదు.

ఆధునిక పరిశోధన చెప్పునది కూడ తెలిసికొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012 జూన్‌లో డీజిలు ఇంజను పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించునట్టి పదార్థముల మొదటి వర్గములో చేర్చినది. పొగాకు పొగ ఉన్న వర్గము అది. డీజిలు మసిలోని రేణువులు మిక్కిలి సూక్ష్మములు. మన తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులు. ఈ రేణువులలో అత్యధికములు రెండున్నర మైక్రానుల కన్న చిన్నవి, అనేకము ఒక మైక్రానులో పదియవ వంతు కూడ ఉండవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని శ్లేష్మము వీనిని ఆపలేవు. అవి ప్రాణవహ స్రోతస్సుల చివరకు పోయి నిలిచిపోవును. కొన్ని రక్తములో కలియును. అందుచేతనే ఉబ్బసము, శ్వాసనాళముల వాపు మాత్రమే కాక గుండెపోటు, పక్షవాతము కూడ ఈ గాలితో ముడిపడి ఉన్నవి. సూక్ష్మరేణువులు ఘనమీటరు గాలిలో సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది. మన దేశము 2009లో పెట్టుకొన్న హద్దు 40.

ఇంజను నల్లని పొగ ఎందుకు విడుచును? వైద్యుని భాషలో చెప్పెదను. మందాగ్ని కలవాడు అతిగా భుజించినచో అన్నము జీర్ణము కాక ఆమము అగును. ఇంజనుకు గాలి చాలక, ఇంధనము ఎక్కువైనప్పుడు డీజిలు జీర్ణము కాక మసి యగును. గాలి వడపోత దుమ్ముతో మూసుకొనిపోవుట, నాజిళ్ళు అరిగి ఇంధనము తుంపరగా పడక ధారగా కారుట, లాగుడు కొరకు మెకానిక్కు చేత పంపు సెట్టింగు పెంచించుట, మోయగలిగిన దానికన్న ఎక్కువ బరువు ఎక్కించుట: ఇవి ఆ మందాగ్నికి కారణములు. ఒక్కటి కూడ దైవికము కాదు. ప్రతిదానికిని ఊరి మెకానిక్కు షెడ్డులో చికిత్స కలదు.

డీజిలు కూడ మారినది, ఈ మాట ఒప్పుకొనవలెను. 1990 దశకము తొలినాళ్ళలో మన దేశపు డీజిలులో గంధకము పది లక్షల పాళ్ళకు పదివేల పాళ్ళ వరకు ఉండెడిది. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట అమ్ముచున్న భారత్ స్టేజి ఆరు డీజిలులో అది పది పాళ్ళే. కొత్త లారీలకు మసిని పట్టు వడపోతయు, వాయువులను శుద్ధి చేయు యూరియా ద్రావణపు ఏర్పాటును ఉన్నవి. కాని ఇంధనము కొత్తదైనంత మాత్రమున ఇంజను కొత్తది కాదు. అంతకు ముందటి మెట్టు హైదరాబాదుకు 2010 ఏప్రిల్‌లో వచ్చినది. దేశమంతటికిని 2017 ఏప్రిల్‌లో గాని రాలేదు. నగరమునకు పనికిరాదని తోసివేసిన బండి సెకండ్ హ్యాండులో జిల్లాలకు చేరును. జిల్లాలో ముసలిదైనది మండలమునకు చేరును. చివరకు ఇసుక మోయుటకో, ఇటుకలు మోయుటకో, పిల్లలను మోయుటకో కుదురుకొనును. పల్లె గాలి స్వచ్ఛమైనదని పట్నపు బంధువులు మనలను చూచి అసూయపడుదురు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమములో మన రాష్ట్రము నుండి చేరినవి హైదరాబాదు, పటాన్‌చెరు, నల్లగొండ వంటివి. ఎల్లంతకుంట వంటి ఊళ్ళ రోడ్డు ప్రక్క నివసించువారి ఊపిరి ఆ లెక్కలోనికి రాదు.

మన చుట్టును ఏయే బండ్లు తిరుగుచున్నవో చూడుడు. మానేరు ఇసుక లారీలు. గ్రానైటు బండలు మోయు పొడుగు బండ్లు. అనంతగిరి జలాశయము నిర్మించినన్నాళ్ళు, 2020లో నీరు చేరువరకు, రాత్రింబవళ్ళు తిరిగిన టిప్పర్లను ఈ మండలము ఇంకను మరువలేదు. ఏడాదికి రెండు మారులు, వానాకాలపు పంటకు, యాసంగి పంటకు, కొనుగోలు కేంద్రముల వద్దను, మిల్లుల వద్దను వరి బస్తాల లారీలు బారులు తీరి నిలుచును. ఒక్కొక్కటి దింపుడు కొరకు రోజుల తరబడి వేచియుండుట కలదు. హార్వెస్టర్లు, ట్రాక్టర్లు సరే సరి. ప్రొద్దున, సాయంత్రము బడి బస్సులు. ఇవికాక ఆర్టీసీ.

ఇవి అన్నియు ఎవరో ఒకరి యాజమాన్యములో గుంపులుగా నడచునట్టివి. ఊరిలోని వేయి మోటారు సైకిళ్ళ యజమానులను ఒప్పించవలెనన్న వేయి తలుపులు తట్టవలెను. ఇరువది బస్సులున్న బడికి తలుపు ఒక్కటే. ఇసుక మోయించు కాంట్రాక్టుకు సంతకము ఒక్కటే. కనుకనే మొదట అడుగవలసినది వీరిని.

లారీల మీద మన జిల్లా ప్రజలకు ఆగ్రహము లేకపోలేదు. 2017 జూలైలో తంగళ్ళపల్లి మండలము నేరెళ్ళ ప్రాంతములో ఇసుక లారీ క్రింద పడి ఒక మనిషి మరణించగా జనము లారీలకు నిప్పు పెట్టినారు. పిమ్మట అరెస్టులు, పోలీసు కస్టడీలో దళిత యువకులను హింసించినారను ఆరోపణలు, వాటి మీద రాష్ట్రమంతట ఆందోళన జరిగినవి. చక్రము క్రింద పోయిన ప్రాణము కంటికి కనబడును. పొగ క్రింద పోవు ప్రాణము పదునైదు సంవత్సరములు దగ్గి, ఇంట్లో మంచము మీద పోవును. ఏ లారీ నంబరును దాని ప్రక్కన వ్రాయబడదు. కోపము మండి చల్లారిపోవును. ఈ పనికి కోపము కన్న లెక్క అవసరము.

లెక్కతో పని సాధించినవారు ఉన్నారు. అమెరికాలో న్యూయార్కు నగరమున హార్లెం అను పేట కలదు. నల్లజాతివారు, స్పానిషు మాటాడువారు అక్కడ ఎక్కువ. పిల్లలలో ఉబ్బసము కూడ ఎక్కువ. మన్‌హటన్ దీవిలోని బస్సు డిపోలలో అధిక భాగము ఈ ఉత్తరపు పేటలలోనే పెట్టినారు. 1988లో పెగ్గీ షెపర్డ్ మొదలగువారు అక్కడ వీయాక్ట్ అను సంఘమును స్థాపించినారు. 1996 జూలైలో ఆ సంఘపు యువకులు కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి నాలుగు కూడళ్ళలో నిలిచి, గాలిని కొలిచినారు. ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు, ఎన్ని కార్లు, ఎంతమంది పాదచారులు పోవుచున్నారో లెక్కించినారు. డీజిలు బండ్లు ఎక్కువగా తిరిగిన కూడలిలో గాలిలోని మసియు ఎక్కువగా తేలినది. మరుసటి సంవత్సరము వారు బస్సు స్టాపులలోనే ప్రకటనలు అతికించి ఈ సంగతి జనులకు చాటినారు. ఆ తరువాతి సంవత్సరములలో నగర రవాణా సంస్థ తక్కువ గంధకపు డీజిలుకు, వడపోతలకు, హైబ్రిడ్ బస్సులకు మారినది. ఆ పిల్లల చేతిలో ఉన్నది ఒక పలక, ఒక పెన్సిలు, కొన్ని కొలత పరికరములు.

మన దేశములో ఢిల్లీ కథ పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకము ఉండును. ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యము. అనిల్ అగర్వాల్ నడిపిన విజ్ఞాన పర్యావరణ కేంద్రము 1996లో ప్రచురించిన నివేదిక. 1998 జూలై 28న నగర బస్సులన్నియు సహజవాయువుకు మారవలెనని సుప్రీంకోర్టు ఇచ్చిన ఆజ్ఞ. గడువు 2001 మార్చి 31. నిజముగా మారుసరికి 2002 చివర అయినది. నడుమ బస్సులు చాలక జనము, గ్యాసు కొరకు రాత్రులు వరుసలో నిలిచి డ్రైవర్లు పడిన కష్టము తక్కువ కాదు. ముందుగా గ్యాసు బంకులు కట్టి పిమ్మట గడువు పెట్టియుండిన ఆ కష్టములో సగము తప్పియుండెడిది. డీజిలు కార్లు పెరిగి ఆ ఫలితము కొంత కరిగిపోయిన మాటయు నిజమే.

అంతదూరము పోనక్కరలేదు, మన ఇండ్లలోనే ఒక ఉదాహరణ కలదు. మా తల్లుల కాలమున వంటింటి కట్టెల పొయ్యి, ఊదుగొట్టము, ఎర్రబడిన కండ్లు, ఆగని దగ్గు ఆడుదాని నుదుట వ్రాసిన వ్రాత వలె ఉండెడివి. ఎందరు వైద్యులు ఎన్ని కాటుకలు, ఎన్ని లేహ్యములు ఇచ్చిరో! వాటితో ఆ దగ్గు పోలేదు. 1999లో ఉమ్మడి రాష్ట్రములో దీపం పథకము క్రింద డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినారు. 2016 నుండి ఉజ్జ్వల పథకము వచ్చినది. పొయ్యి మారినది, పొగ తగ్గినది, దగ్గు తగ్గినది. ఇది నిదాన పరివర్జనమే. అది మహిళా సంఘముల ద్వారా జరిగినదని గమనింపవలెను.

ఇక మనము ఏమి అడుగవలెను?

మొదట మన స్వంత బండిని చూచుకొందము. పల్లె ప్రగతి కాలమున రాష్ట్రములోని పన్నెండు వేలకు పైగా ఉన్న గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూర్చినారు. చెత్త ఎత్తుటకు, చెట్లకు నీరు పోయుటకు అది ప్రతి వాడకును తిరుగును. ప్రతి ఇంటి ముందర ఇంజను ఆపకయే నిలుచును. దాని వడపోత ఎప్పుడు మార్చినారు, నాజిళ్ళు ఎప్పుడు చూపించినారు అని గ్రామసభలో అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. చెత్తను తీసుకొనిపోయి డంపింగు యార్డులో తగులబెట్టుచున్నారా అని కూడ ఆ నోటితోనే అడుగవలెను.

రెండవది నిలిచియున్న ఇంజను. పరుగెత్తు బండి పొగ గాలిలో చెదరిపోవును; నిలిచిన బండి పొగ ఒకే చోట పేరుకొనును. హేమంత శిశిరములలో తెల్లవారుజామున మంచు, చల్లగాలి నేలను అంటియుండును గనుక ఆ పొగ పైకి పోదు. అదే కాలమున శరీరములో కఫము సంచితమగును; వసంతమున అది ప్రకోపించును. మాఘ ఫాల్గుణ మాసములలో పిల్లల దగ్గులు పెరుగుటకు ఋతువు ఒక కారణము, బడి గేటు ముందు గుర్రుమనుచు నిలిచియుండు బస్సులు మరియొక కారణము. పెద్ద లారీ ఇంజను నిలిచి తిరిగినచో గంటకు రెండు మూడు లీటర్ల డీజిలు త్రాగును. ఆ డబ్బు కూడ పొగలోనే పోవుచున్నది.

ఒక లారీ డ్రైవరును అడిగితిని, ఇంజను ఎందుకు ఆపవు నాయనా అని. "బంద్ జేస్తె మళ్ల సెల్ఫ్ తీసుకోదయ్యా. బ్యాటరీ కొనియ్యమంటె సేటు ఇయ్యడు" అన్నాడు. అతడు మందు కొరకే వచ్చినాడు, ఆరు నెలల దగ్గుతో. ఈ పొగను అందరికన్న ఎక్కువ పీల్చువాడు డ్రైవరు, క్లీనరు. వారిని తిట్టి ప్రయోజనము లేదు. అడుగవలసినది బ్యాటరీ కొనని యజమానిని. ఊరివారు డ్రైవర్లను శత్రువులుగా చూచినంత కాలము ఈ పని సాగదు. వారిని మన ప్రక్కన నిలుపుకొన్న యెడల సగము గెలిచినట్లే.

బడి బస్సుల విషయములో తల్లిదండ్రులకు గట్టి పట్టు కలదు, ఫీజు కట్టువారు వారు గనుక. బడులు తెరచుటకు ముందు వేసవిలో బస్సులకు రవాణా శాఖ వారు సామర్థ్య పరీక్ష చేయుదురు. బ్రేకులు, అద్దములు, మెట్లు, మందుల పెట్టె చూతురు; మంచిది. పొగ పరీక్ష కాగితము కూడ అడుగుదురు. ఆ కాగితము బండిని చూడకనే చేతికి వచ్చుచున్నదని లోకము చెప్పుకొనును. మనమే చూడవచ్చును: బండి నిలిచియుండగా యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కించి, పొగగొట్టము వెనుక తెల్లని గుడ్డ పట్టుడు. గుడ్డ మీద నల్లగా పడినచో కాగితము ఏమి చెప్పినను ఆ బస్సుకు మందాగ్ని యున్నట్లే. ఇది కొలత కాదు, సూచన మాత్రమే. కాని యజమాన్యముతో మాట కలుపుటకు చాలును.

ఆర్టీసీ మాట వచ్చినప్పుడు నా అభిప్రాయము వేరు. అరువది మందిని మోయు బస్సు, అరువది మోటారు సైకిళ్ళను రోడ్డు మీదికి రాకుండ ఆపుచున్నది. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చిన పిమ్మట అది పేదల బండి అని మరింత స్పష్టమైనది. దానిని అందరికన్న చివర తిట్టవలెను, అందరికన్న ముందు బాగుచేయవలెను. 2022 సెప్టెంబరులో తిరుపతి తిరుమల ఘాటు మార్గములో విద్యుత్ బస్సులు నడచుట ఆరంభమైనది. 2024లో కరీంనగరము నుండి కూడ విద్యుత్ బస్సులు బయలుదేరినవి. కొండ ఎక్కగలిగిన బస్సు సిరిసిల్ల నుండి వేములవాడకు, వేములవాడ నుండి కోరుట్ల, జగిత్యాలలకు నడవలేదా? రాజన్న సన్నిధికి వచ్చు భక్తుల త్రోవ ఇది. ఈ మార్గమున మాకు విద్యుత్ బస్సులు కావలెనని సంతకములు చేసి డిపో మేనేజరుకు ఇచ్చుట ఎల్లంతకుంట నుండియు చేయదగిన పని.

విద్యుత్తు మాత్రము ఎక్కడి నుండి వచ్చును, రామగుండపు బొగ్గు నుండి కాదా అని అడుగుదురు. అవును, చాలవరకు. ఆ పొగ అక్కడివారు పీల్చుచున్నారు. వారి కొరకు కూడ మాటాడవలెను. అయినను బడి పిల్లల ముక్కు ఎత్తున విడుచు పొగకును, ఒక చోట ఎత్తైన చిమ్నీకి కాపలా పెట్టగల పొగకును భేదము కలదు. మరి బీడీ సంగతి ఏమి, మన ప్రాంతమున ఇంటింట చుట్టుచున్నారు గదా అని ఇంకొకరు అందురు. బీడీ త్రాగువానికి బీడీ మానుమని నేను నలువది సంవత్సరములుగా చెప్పుచునే ఉన్నాను. వాడు మానగలడు. బస్సు స్టాపులో నిలిచిన గర్భిణి తన యెదుట నిలిచిన లారీని మాన్పలేదు. సిరిసిల్ల సాంచెల మీద పత్తి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు అరిగినవానికి ఈ పొగ మరియొక బరువు.

ఇంతవరకు చదివిన పాఠకులు, అయినను మాకు ఏదైన మందు చెప్పుడు అందురని తెలియును. చెప్పెదను. రోడ్డు ప్రక్క పనిచేయువారు రాత్రి ఇంటికి వచ్చిన వెంటనే గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, ముఖము కడుగుకొని, పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వులనూనె ముక్కుపుటముల లోపల వేలితో అద్దుకొనవలెను. పొడి దగ్గుకు సితోపలాది చూర్ణము పెద్దలు ఒకటి రెండు గ్రాములు తేనెతో రెండు పూటల తీసుకొనవచ్చును. మధుమేహము కలవారు వైద్యుని అడిగి గాని తీసుకొనరాదు. సంవత్సరము నిండని శిశువులకు తేనె ఈయరాదు. బెల్లము తిన్నచో దుమ్ము కడిగివేయునను నమ్మకము మన కూలీలలో బలముగా ఉన్నది; లక్నోలోని పరిశోధకులు ఎలుకల మీద ప్రయోగించి 1994లో దానికి కొంత అనుకూలముగా వ్రాసినారు. ఎలుకకు పనిచేసిన బెల్లమును చూపి మనిషికి పొగ పోయవచ్చునని ఎవరైన అన్నచో వినకుడు. ఉబ్బసమునకు పీల్చు మందు వాడువారు దానిని నా మాట మీద గాని, ఏ మూలిక మీద గాని ఆపకుడు. ఉమ్మిలో రక్తము, మూడు వారములు దాటిన దగ్గు, రాత్రి కూర్చున్నగాని ఊపిరాడకపోవుట, పిల్లలలో ప్రక్కటెముకలు లోపలికి గుంజుకొనుట కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ముఖమునకు చుట్టుకొను చేతిరుమాలు దుమ్మును కొంత ఆపును, డీజిలు మసిని ఆపదు.

లెక్క వ్రాయుట ఎట్లో చెప్పి ముగించెదను. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుని వెంట, రోడ్డు అంచున కాక బడి వరండాలోనో మేడ మీదనో కూర్చుండి, ఉదయము ఎనిమిది నుండి తొమ్మిది వరకు, సాయంకాలము నాలుగు నుండి ఐదు వరకు, ఒక వారము వ్రాయవలెను. నోటుపుస్తకములో నాలుగు గళ్ళు చాలును: బండి రకము, ఎవరిది, నల్లపొగ కనబడినదా, నిలిచినచో ఇంజను ఆపినారా. పంటల కొనుగోలు కాలమున ఒక వారము, అది లేని కాలమున ఒక వారము వ్రాసినచో తేడా తెలియును. ఆ పుస్తకము యొక్క నకలును మే నెలకు ముందే బడి యజమాన్యములకును, కొనుగోలు కేంద్రమువారికిని, ఇసుక కాంట్రాక్టు పొందినవారికిని, రవాణా శాఖకును పంపి, మూడు కోరికలు వ్రాయుడు. బడి, ఆసుపత్రి, బస్సు స్టాపు ముందర మూడు నిమిషములు దాటి నిలుచు బండి ఇంజను ఆపవలెను. వేచియుండు లారీలకు ఇండ్ల నడుమ కాక ఊరి వెలుపల స్థలము చూపవలెను. నల్లపొగ విడుచు బండి నాజిళ్ళు, వడపోత బాగుచేయించిన రసీదు చూపువరకు ఊరిలోనికి పంపరాదు. అసలు పుస్తకమును పంచాయతీ కార్యాలయములో ఎవరు అడిగినను చూచునట్లు ఉంచవలెను, మొదటి పుటలో పంచాయతీ ట్రాక్టరు నంబరు వ్రాసి.